చెట్ల పుట్టుపూర్వోత్తరాలు రాయించండి: తిరుపతి విశ్వవిద్యాలయాల పాలకులకు బహిరంగ లేఖ

తిరుపతిలోని విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, పాలకమండలి సభ్యులకు, వృక్షశాస్త్ర, వ్యవసాయ విభాగాల ఆచార్యులకు నమస్కారములతో,

అయ్యలారా, అమ్మలారా,

శేషాచలం కొండల పాదాన వృక్షశాస్త్రం చదువుకుని, ఆ తరువాత 31 ఏళ్ళపాటు డిగ్రీ కళాశాలల్లో అదే పాఠం చెప్పి, ఇప్పుడు విశ్రాంత జీవితం గడుపుతున్నవాణ్ణి. మిమ్మల్ని కోరేది ఒక్కటే. మీ ప్రాంగణాల్లో బోధన కోసం, పరిశోధన కోసం పెద్దలు ఎప్పుడెప్పుడో నాటించిన చెట్లున్నాయి. వాటిలో ఒక్కొక్క చెట్టు ఏ కొండ గింజతో మొలిచింది, ఏ ఏడు నాటారు, ఎవరు నాటారు, నడుమ దానికేమయింది అనే సంగతులను, అవి తెలిసినవాళ్ళు బతికి ఉండగానే, ఈ విద్యా సంవత్సరంలోనే పుస్తకంలోకి ఎక్కించండి. చెట్లను నరకవద్దని అడిగే లేఖలు మీకు చాలానే వచ్చి ఉంటాయి. చెట్టు నిలబడి ఉండగానే దాని చరిత్ర చచ్చిపోవడం నేను కళ్ళారా చూశాను కాబట్టి ఈ లేఖ రాయవలసి వచ్చింది.

ఆర్బొరేటం అనే మాటకు మనవాళ్ళు వృక్షవనమని, తరువాటిక అని పేర్లు పెట్టారు గానీ, నేను చదువుకున్న రోజుల్లో మాలీల దగ్గరనుంచి పరిశోధక విద్యార్థుల దాకా అందరూ దాన్ని 'నెంబర్ల తోట' అనే పిలిచేవారు. శాస్త్రమంతా ఆ పిలుపులోనే ఇమిడి ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసివచ్చింది. పార్కులో చెట్టు నీడ కోసం ఉంటుంది, తోటలో చెట్టు కాయ కోసం ఉంటుంది. నెంబర్ల తోటలో చెట్టు మాత్రం తన జాతి గురించి, తను పుట్టిన కొండ గురించి సాక్ష్యం చెప్పడానికి ఉంటుంది. దానికొక నెంబరు, ఆ నెంబరుకు రిజిస్టరులో ఒక వరుస ఉన్నంతకాలమే ఆ సాక్ష్యం చెల్లుతుంది. ఆ వరుస పోయిన మరునాటినుంచి ఎంత అపురూపమైన చెట్టయినా సైకిళ్ళు పెట్టుకునే నీడచెట్టే.

అటవీ విద్య నేర్పే చోట చెట్ల తోట ఉండి తీరాలన్న ఆలోచన రెండు వందల ఏళ్ళ నాటిది. జర్మనీలోని సాక్సనీలో, డ్రెస్డెన్ నగరానికి దగ్గరలో ఉన్న థారాంట్ అనే చిన్న ఊరికి హైన్‌రిష్ కోటా అనే అటవీ నిపుణుడు 1811లో తన అటవీ పాఠశాలను తరలించాడు. ఆ ఏడే అక్కడ విద్యార్థుల కోసం చెట్ల తోట మొదలైంది. 1816లో ఆ పాఠశాల రాజప్రభుత్వ అకాడమీ అయింది, 1929లో డ్రెస్డెన్‌లోని సాంకేతిక విద్యాసంస్థలో కలిసింది, నడుమ రాజ్యం పోయింది, రెండు ప్రపంచ యుద్ధాలు జరిగాయి, ప్రభుత్వాలు ఒకదాని వెంట ఒకటి మారాయి. తోట మాత్రం ఇప్పటికీ అక్కడే, విశ్వవిద్యాలయం ఆధీనంలోనే ఉంది. కోటాకు 80 ఏళ్ళు నిండిన సందర్భంలో, 1843లో, ఆయన కోసం 80 ఓక్ మొక్కలు నాటారు. మరుసటి ఏడు ఆయన కన్నుమూస్తే ఆ మొక్కల నడుమనే సమాధి చేశారు. ఆ ఓక్ చెట్ల వయసెంతో ఈ రోజు అక్కడి బడిపిల్లవాడు కూడా వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పగలడు, ఎందుకంటే నాటిన రోజు రాసి పెట్టారు.

అదే థారాంట్‌లో పాఠాలు చెప్పిన మాక్స్ ప్రెస్లర్ అనే ఆచార్యుడు చెట్టును పడగొట్టకుండానే కాండంలోంచి పెన్సిలుకన్నా సన్నని కడ్డీని బయటికి తీసి, అందులోని వలయాలను లెక్కపెట్టే బరమాను తయారుచేశాడు. నా విద్యార్థులకు ఆ పనిముట్టు గురించి చెప్పినప్పుడల్లా వాళ్ళు దానితో మన తిరుమల కొండ చెట్ల వయసు కూడా తేల్చవచ్చని సంబరపడేవారు. అది అంత సులువు కాదని చెప్పవలసి వచ్చేది. చలికాలంలో ఎదుగుదల పూర్తిగా ఆగిపోయే దేశాల్లో చెట్టుకు ఏటికొక వలయం స్పష్టంగా పడుతుంది. మన దగ్గర టేకు లాంటి కొన్నింటికి తప్పితే చాలా జాతులకు అలా పడదు. అంటే, వాళ్ళ రిజిస్టరు కాలిపోయినా చెట్టు తన వయసు తానే చెప్పుకుంటుంది. మన రిజిస్టరు పోతే చెప్పే దిక్కు లేదు. ఈ ఒక్క కారణం చేతనే రాతపని విషయంలో మనం వాళ్ళకంటే రెండింతలు జాగ్రత్తగా ఉండవలసింది, ఉన్నది మాత్రం అందులో సగం కూడా కాదు.

ఆ జర్మన్ విద్య మన దాకా రావడానికి పెద్దగా కాలం పట్టలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1856లో హ్యూ క్లెగార్న్ మొదటి అటవీ సంరక్షకుడయ్యాడు. బాన్ నగరంలో పుట్టిన వృక్షశాస్త్రజ్ఞుడు డీట్రిష్ బ్రాండిస్ 1864లో దేశం మొత్తానికి అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్ అయి, ఇక్కడి అటవీ శాఖలో చేరబోయే యువకులను శిక్షణ కోసం జర్మనీకి, ఫ్రాన్సుకు పంపే ఏర్పాటు చేశాడు. 1878లో డెహ్రాడూన్‌లో అటవీ పాఠశాల వచ్చింది, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, 1902లో కోయంబత్తూరులో గాస్ అటవీ మ్యూజియం, 1912లో అక్కడే అటవీ కళాశాల వచ్చాయి. మన చిత్తూరు జిల్లా 1953 దాకా మద్రాసులోనే ఉంది కాబట్టి, ఈ కొండల చెట్ల మీద అధికారం, వాటి గురించిన చదువు రెండూ ఆ చోట్ల నుంచే వచ్చేవి. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1961లో వ్యవసాయ కళాశాల ఏర్పడిన తరువాతే కొండ కింద కూర్చుని కొండ చెట్లను చదువుకునే భాగ్యం మనకు కలిగింది. ఆ మొదటి తరం అధ్యాపకుల్లో ఎందరో, మూటల్లో గింజలు కట్టుకుని కొండ దిగివచ్చినవాళ్ళు. వాళ్ళు నాటినవే మనం చూస్తున్న ఈ చెట్లు.

ఈ కొండల సంపద ఎలాంటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు. 2010లో కేంద్రం శేషాచలాన్ని జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించింది. మన రాష్ట్రంలో అదే మొదటిది. ఎర్రచందనం, తంబ, కొండ సాంబ్రాణి, తెల్ల కరక, మొగి ఈ కొండలకూ, చుట్టుపక్కలున్న తూర్పు కనుమలకూ సొంతమైన చెట్లు. తంబ చెట్టుకు వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ పెట్టిన శాస్త్రీయ నామంలో రెండో మాట మన తెలుగు పేరునుంచి తీసుకున్నదే. మనం పేరిత అని పిలుచుకునే ఈత లాంటి మొక్కకు, మద్రాసు అడవులకు పెద్ద అధికారిగా ఉన్న బెడ్డోమ్ పేరు 1883లో పెట్టారు. అది తిరుపతి, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. అందులో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. ప్రాంగణంలో నాలుగు పేరిత మొక్కలున్నాయని సంతోషిస్తే చాలదు. ఏది ఆడది, ఏది మగది, రెండూ ఒకే తల్లి పిల్లలా లేక వేరువేరు కొండలవా అని తెలిస్తేనే వాటినుంచి కొత్త మొక్కలు తీయడానికి అర్థముంటుంది. ఆ సంగతులు మొక్కను చూస్తే తెలియవు, రాసిపెట్టుకుంటేనే తెలుస్తాయి.

ఇప్పుడు నేను చూసినదాన్ని చెబుతాను. నేను చదివిన కళాశాల పేరు ఇక్కడ రాయడం లేదు. జరిగినదాంట్లో ఏ ఒక్కరి తప్పూ ఎత్తి చూపడం నా ఉద్దేశం కాదు, పైగా ఆనాటివాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు.

అక్కడి నెంబర్ల తోటకు ఒక రిజిస్టరు ఉండేది. గుడ్డ అట్ట వేసిన పొడవాటి పుస్తకం, కరణాల లెక్కల పుస్తకంలా ఉండేది. ప్రతి పేజీలోనూ ఊదా సిరాతో చేత్తో గీసిన గళ్ళు: నెంబరు, తెలుగు పేరు, శాస్త్రీయ నామం, గింజ తెచ్చిన చోటు, నాటిన తేదీ, నాటినవారి పొడి అక్షరాలు. చివరి గడి అన్నిటికంటే వెడల్పుగా ఉండేది. అందులో 'గాలికి పడినది', 'మేకలు తిన్నవి, మళ్ళీ నాటినది', 'నీళ్ళు లేక ఎండినది', 'ఈ ఏడు మొదటిసారి పూసినది' అని ఒక్కొక్క ముక్క రాసి, పక్కన తేదీ వేసేవారు. మా అధ్యాపకుడు ఒకరు మమ్మల్ని తోటలోకి తీసుకుపోయే ముందు ఆ పుస్తకాన్ని బల్లమీద పరిచి, ఆ రోజు చూడబోయే చెట్ల వరుసలను మా చేత బిగ్గరగా చదివించేవారు. చదివాకే చెట్టు దగ్గరకు. 'ఈ ఏడు మొదటిసారి పూసినది' అని చదివి వెళ్ళి ఆ కొమ్మ కింద నిలబడినప్పటి అనుభూతి ఇప్పటికీ నాకు గుర్తే.

రిజిస్టరులో లేనిది తోటమాలి దగ్గర ఉండేది. ఆయన చదువుకోలేదు, గడపదాటి కొండకు పోతే మాత్రం ఆయనకు తెలియని చెట్టు లేదు. ఒక తెల్ల కరక ముందు నిలబడి నేను నోటు రాసుకుంటుంటే, "ఇది చామల కొండ గింజ నాయినా, నేనే పంచె కొంగులో కట్టుకోని వచ్చినా. దాని పక్కదుండాదే, అది తలకోన నుంచి తెచ్చింది. రెండూ ఒకే నాడు నాటితిమి, ఇది ముందు పూస్తాది, అది నెల ఎనకాల" అన్నాడు. పరిశోధన వ్యాసానికి సరిపోయే సంగతి అది. నేను నవ్వి ఊరుకున్నాను, రాసుకోలేదు. ఇప్పటికీ ఆ తప్పుకు నన్ను నేను క్షమించుకోలేను.

కొన్నేళ్ళ తరువాత ఆ భవనానికి వెల్ల వేయించేటప్పుడు స్టోరుగది సామానంతా వరండాలో పడేశారు. గోడలు ఆరిన తరువాత పగిలిన గాజు సామాను తిరిగి లోపలికి పోయింది గానీ, పాత పుస్తకాలు కొన్ని చిత్తుకాగితాల అంగడికి పోయాయి. రిజిస్టరు వాటితోనే పోయిందని నేను అనుకుంటున్నాను, ఎందుకంటే ఆ తరువాత దాన్ని చూసినవారు లేరు. అప్పటికే మాలి చనిపోయాడు. మరో నాలుగేళ్ళకు వాహనాలు నిలపడానికి షెడ్డు కట్టాలని తోటలో ఒక మూలనున్న చెట్లు తీయించారు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కోరుతూ పెట్టిన కాగితంలో వాటిని 'అడవి చెట్లు, 5' అని మాత్రమే రాశారు. రాసిన గుమస్తాను తప్పుపట్టలేను. అంతకుమించి రాయడానికి ఆయన చేతిలో ఆధారమేదీ లేదు. అందులో ఒకటి తంబ చెట్టు. పడిన మాను దగ్గరికి నేను వెళ్ళి చూశాను. పాత రోజుల్లో మేకు కొట్టి తగిలించిన అల్యూమినియం రేకును బెరడు రెండు వైపులనుంచి కమ్ముకువచ్చి మింగేసింది. వేలితో బెరడు తొలిచి చూస్తే 'తం' అనే అక్షరం, కింద 4 అనే అంకె మాత్రం కనిపించాయి. అది 4 కావచ్చు, 14 కావచ్చు, 40 కావచ్చు. ఏ కొండనుంచి వచ్చిందో, ఎన్నేళ్ళదో ఇక ఎవరూ చెప్పలేరు.

ఇది భావుకత కోసం చెప్పే మాట కాదు, దీనివల్ల నష్టపోయేది రైతు కూడా. తిరుపతి, చిత్తూరు, అన్నమయ్య జిల్లాల్లో ఎర్రచందనం నాటుకుంటున్న రైతులు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎవరైనా వచ్చి, "అయ్యా, ఏ కొండ గింజ అయితే చేవ తొందరగా పడుతుంది?" అని అడిగితే గట్టిగా జవాబు చెప్పాలంటే, వేరువేరు కొండల గింజలను ఒకే నేలలో, ఒకే ఏడు నాటి, 30, 40 ఏళ్ళు కనిపెట్టి చూసిన తోట కావాలి. అటువంటి తోటలకు కావలసిన చెట్లు మన ప్రాంగణాల్లో ఇప్పటికే వయసుకొచ్చి ఉన్నాయి. రాళ్ళు తేలిన కొండనేలలో నిదానంగా పెరిగిన చెట్టు చేవకూ, నీళ్ళు తగిలే ప్రాంగణంలో ఏపుగా పెరిగిన చెట్టు చేవకూ తేడా ఉంటుందని అనుభవమున్నవాళ్ళంతా అంటారు. ఎంత తేడా అని కొలవాలంటే ముందు ఆ చెట్టు వయసు తెలియాలి, గింజ ఊరు తెలియాలి. అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందంలో, ఎర్రచందనం 1995నుంచి రెండో అనుబంధంలో ఉంది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం తన ఎర్రజాబితాలో దాన్ని 2018లో ప్రమాదం తక్కువున్న వర్గానికి మార్చి, ఆ తరువాత మళ్ళీ అంతరించిపోతున్న వర్గానికే తెచ్చింది. పేరిత అయితే సైటిస్‌లో కట్టుబాట్లు అన్నిటికంటే గట్టిగా ఉండే మొదటి అనుబంధంలోనే ఉంది. ఇలాంటి జాతుల విషయంలో 'ఇది అడవినుంచి దొంగిలించినది కాదు, ఫలానా ఏడు ఫలానా గింజతో మేము నాటినది' అని చూపే కాగితానికి చెట్టంత విలువ ఉంటుంది.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్నాల్డ్ ఆర్బొరేటం 1872లో మొదలైంది. మరుసటి ఏటినుంచి 1927లో చనిపోయేదాకా చార్లెస్ సార్జెంట్ ఒక్కడే దానికి సంచాలకుడుగా ఉన్నాడు. 1882లో విశ్వవిద్యాలయానికీ, బోస్టన్ నగరపాలక సంస్థకూ ఒప్పందం కుదిరింది: భూమి నగరానిది, చెట్లను చూసుకోవలసిన బాధ్యత విశ్వవిద్యాలయానిది, గడువు వెయ్యేళ్ళు. వెయ్యేళ్ళకు కౌలు రాసుకున్నవాళ్ళు చెట్టు చెట్టుకూ నెంబరుతో పలక కట్టి, ఆ నెంబరు కింద దాని పుట్టుక మొత్తం రాసిపెట్టడంలో ఆశ్చర్యమేముంది? మన దగ్గర అధికారి పదవీకాలం మూడేళ్ళు. చెట్టుకు వందేళ్ళు. ఆ రెంటినీ కలిపేది రిజిస్టరు తప్ప మరొకటి నాకు కనబడడం లేదు.

అందుచేత నా విన్నపం ఇది. మొట్టమొదట, మీ ప్రాంగణాల్లో మాలీలుగా, ప్రయోగశాల సహాయకులుగా, వాచ్‌మన్‌లుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాళ్ళను వెతికి పిలిపించండి. చాలామంది ఊళ్ళోనే, లేదా చుట్టుపక్కల పల్లెల్లోనే ఉంటారు. వాళ్ళను గౌరవంగా కూర్చోబెట్టి, ఒక పూట భోజనం పెట్టి, ఆ రోజు కూలికి నష్టం రాకుండా చూసి, చెట్టు చెట్టు దగ్గరకూ తీసుకుపోయి వాళ్ళ మాటలను ఫోనులోనైనా రికార్డు చేయించండి. మిగతా పనులు వచ్చే ఏడు చేసినా ఇబ్బంది లేదు గానీ, ఇది వాయిదా పడితే మళ్ళీ దొరకదు. వాళ్ళ మాటనూ, మిగిలిన పాత ఫైళ్ళు, ఫొటోలు, కొనుగోలు బిల్లులు, పరిశోధన గ్రంథాల వెనక ఉన్న అనుబంధాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలా చెట్ల సంగతి తేలుతుంది. తేలనిచోట 'తెలియదు' అని నిజాయితీగా రాయాలి. ఊహించి రాసిన తేదీకంటే ఖాళీగా ఉన్న గడే మేలు.

తరువాత చెట్లకు నెంబర్లు. దయచేసి మేకులు కొట్టించవద్దు. నేను చూసిన రేకు గతే పడుతుంది. చెట్టు లావెక్కేకొద్దీ సాగే స్ప్రింగు తీగతో పలక కట్టాలి, రెండు మూడేళ్ళకొకసారి వదులు చేయాలి. ప్రతి చెట్టునుంచీ పూతతో ఒక కొమ్మ, కాయతో ఒక కొమ్మ తీసి ఎండబెట్టి అదే నెంబరుతో హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల నమూనాలు దాచే చోట, చేర్చాలి. రిజిస్టరు మూడు ప్రతులుండాలి: ఒకటి విభాగంలో, ఒకటి గ్రంథాలయంలో, ఒకటి కంప్యూటరులో. కంప్యూటరులో ఉంది కదా అని కాగితం ప్రతిని పారేయవద్దు. నా ఉద్యోగకాలంలోనే తెరుచుకోని ఫ్లాపీలు, సీడీలు ఎన్ని పెట్టెలు చూశానో నాకే లెక్క లేదు.

ఇంకొక ముఖ్యమైన పని ఇంజనీరింగు విభాగానిది. ప్రాంగణం పటంలో భవనాలు, రోడ్లు, మురుగు కాలువలు, కరెంటు స్తంభాలు గీస్తారు. నెంబరున్న చెట్లను కూడా అదే పటంలో గీయించండి. కొత్త షెడ్డుకో, రోడ్డు వెడల్పుకో గీత గీసే మనిషి ఎదుట ఆ చెట్టు పేరు, వయసు కనబడాలి. అయినా తీయక తప్పదని తేలితే, తీసేముందు గింజలు, కొమ్మలు సేకరించి దాని సంతానాన్ని ఇంకోచోట నాటించి, పాత వరుసలోని చివరి గడిలో ఆ సంగతి రాయాలి. ఆ నిర్ణయం మీద సంతకం చేసినవారి పేరు కూడా అక్కడ ఉండాలి.

దీనికి డబ్బు లేదనీ, సిబ్బంది లేరనీ మీరు అనవచ్చు. ఖాళీలు భర్తీకాని విభాగాల్లో పనిచేసినవాణ్ణి, ఆ బాధ నాకు తెలుసు. కానీ వృక్షశాస్త్రం, వ్యవసాయం చదివే పిల్లలు ఏటా ప్రాజెక్టు పని చేయాలి గదా. ఇద్దరికి పది చెట్లు చొప్పున అప్పగిస్తే ఒక తరగతి పిల్లలే ఒక్క ఏడాదిలో సగం తోట పూర్తిచేస్తారు. ఏటేటా అవే పాత ప్రాజెక్టులు నకలు రాయించడంకంటే ఇది వాళ్ళకూ చదువే. అటవీ శాఖ క్షేత్ర సిబ్బంది, తిరుమల తిరుపతి దేవస్థానాల అటవీ విభాగంవారు అడిగితే సహాయం చేస్తారనే నమ్మకం నాకుంది. కొండమీది తల్లి చెట్లు వాళ్ళ కాపలాలో ఉన్నాయి, కొండకింది పిల్ల చెట్లు మీ దగ్గర ఉన్నాయి. ఏ పిల్ల ఏ తల్లిదో రెండు కార్యాలయాలూ కలిసి కూర్చుంటే తప్ప తేలదు.

నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. విద్యార్థిగా ఉన్నప్పుడు పరీక్ష కోసం ఆ పోయిన రిజిస్టరులోంచి 46 వరుసలు ఎత్తిరాసుకున్నాను. అప్పుడు మార్కుల కోసం రాసినవే, ఇప్పుడు ఆ తోటకు మిగిలిన రాతపూర్వకమైన ఆనవాళ్ళు బహుశా అవే. అందులో 22 చెట్లు ఇంకా నిలిచి ఉన్నట్టు పోయిన వేసవిలో నేనే తిరిగి చూసుకున్నాను. మిగతావాటిలో కొన్నింటి మొదళ్ళు కూడా దొరకలేదు. సంబంధిత కళాశాలవారికి ఆ పుస్తకాన్ని అప్పగిస్తానని కబురు పంపాను. మీలో ఎవరు ఈ పనికి పూనుకున్నా, పిలిస్తే నా టోపీ, చేతికర్ర తీసుకుని ఉదయం ఆరు గంటలకే వస్తాను, ఎండ ముదిరేలోగా రోజుకు పదిహేను చెట్లు చూడవచ్చు. జనవరి దాటితే ఆకు రాలే జాతులను గుర్తుపట్టడం కష్టమవుతుంది కాబట్టి, ఈ వానలు వెనకబట్టిన వెంటనే మొదలుపెడితే బాగుంటుంది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
తిరుపతి.